మోకాళ్ల నొప్పి లేని ఆడమనిషి

మా ఎర్రగుంట్లలో ఇల్లంతా నాపరాయే.
నేలా, అరుగూ, ఆఖరికి దొడ్లో
స్నానానికి అడ్డం నిలబెట్టిన బండా.
ఎండాకాలం మధ్యాన్నాలు
చెంబులో వేలు ముంచి
అరుగు మీద బొమ్మలు గీస్తాంటి.
తల గీసి కాళ్లకాడికి వచ్చేసరికి
తల ఆరిపోతాండె.
అందుకని కాళ్లనుంచి మొదలుపెట్టడం నేర్చుకున్యా.
వేలి నిండా నీళ్లుండంగానే పాదాలు,
తలకాయ వచ్చేసరికి
వేలికి మిగిలిన తడి ఎంతో అంత.
అది బొమ్మలెయ్యడమని ఎవురూ అనలేదు.
నీళ్లు పారబోస్తాండావని మాత్రం
అమ్మ రోజూ అనేది.

తర్వాత కాగితాలొచ్చినాయి.
ప్రొద్దుటూరు పాతపుస్తకాల అంగట్లో
వారపత్రికలు కిలో లెక్కన తెచ్చుకుని
ఒక్కొక్కరి చెయ్యి దొంగిలించినా.
ఒకరి కాడ కనురెప్పలు,
ఒకరి కాడ కుచ్చిళ్లు,
ఒకాయన కాడయితే
సంతకం కింద ఈడ్చే గీత కూడా.
నా ఆడోళ్లకు అందరికీ చేపకండ్లు,
ఎన్నడూ చెమట పట్టని మెడ.
మా వీధిలో అట్లాంటి మెడ ఒక్కటీ లేదు.
రాతిదుమ్ము చెమటలో కలిసి
సాయంత్రానికి అందరి మెడల్లో
తెల్లగా పేటలు కట్టేది.
దాన్ని గీయొచ్చని నాకు తోచనేలేదు.

కడపలో పిల్లల పుస్తకాలేసే ఆయన
నా ఫైలు అటూ ఇటూ తిప్పినాడు.
"బాగుండాయమ్మా.
అన్నీ బాగుండాయి.
ఇంతకీ వీట్లో నీవి ఏవి?"
బస్సులో కమలాపురం దాకా
ఆయన్నే తిట్టుకున్యా.
కమలాపురం దాటినాక
తిట్లు అయిపోయినాయి.

ఆర్నెల్లు వెతికినా నా గీత కోసం,
చెవి కమ్మ పోగొట్టుకున్నట్లు
మంచం కిందా, బియ్యం డబ్బాలో.
ఎడం చేత్తో గీసి చూసినా.
కంతుల మీద ట్యాబ్ కొని
నలభై రకాల బ్రష్షులు దించుకున్యా.
వెతికేకొద్దీ బిగుసుకుపోయింది గీత,
ఫొటోకు నిలబెట్టిన పెండ్లికొడుకు మాదిరి.

ఎదురింటి ఓబుళమ్మ ఒకనాడు
పాలిష్ మిషన్ కాడ్నించి వస్తా
నా చేతిలో కాగితం చూసింది.
బిందె ఎత్తుకుని నవ్వుతాండే ఆడమనిషి.
శానాసేపు చూసి,
"ఎవురు పాపా ఈమె?
మోకాళ్ల నొప్పి లేదే ఈమెకు" అనింది.
ఎగతాళి కాదు.
నిజంగానే కుళ్లుకున్నట్లు అనింది.

ఆ రాత్రి ఓబుళమ్మను గీసినా.
కూర్చునేటప్పుడు ముందు ఎడం చెయ్యి నేలకానించి,
"సామీ" అని ఒకసారి అనుకుని,
కుడి మోకాలు వంగకుండా
పక్కకు జారేసే తీరు.
పాదాలే సగం కాగితం తినేసినాయి.
మిగిలిన చోట్లో తలకాయ
సన్నంగా, ఉండీ లేనట్లు పెట్టినా.
తప్పొచ్చిందని మంచం కిందికి తోసినా.
ఇంకోటి గీస్తే అదే తప్పు.
మూడోసారి, చూద్దామని,
కావాలనే ఆ తప్పు చేయబోయినా.
రాలేదు.

కడపాయన మొదటిదే తీసుకున్యాడు.
"బుగ్గలు కొంచెం నింపమ్మా,
పిల్లోళ్లు జడుసుకుంటారు."
ఒక బుగ్గ నింపినా.

ఇదంతా అయి రెండేండ్లు.
మొన్న ఆదివారం
దస్తగిరి కొడుకు మాబు
నోటుబుక్కు ఎత్తుకుని పరిగెత్తుకొచ్చె.
"అక్కా, అచ్చం నీ మాదిరే గీసినా!"
ఇంతింత పాదాలు. గోరంత తల.
ముక్కు లేదు.
నా గొంతు ఫోన్లో
మొదటిసారి విన్నప్పటి సిగ్గేసింది.
నేను ముక్కులు గీయనని
ఆ పొద్దు దాకా నాకే తెలీదు.

"నీవి ఏవిరా వీట్లో?"
నాలిక చివరిదాకా వచ్చింది.
మింగినా.
తొమ్మిదేండ్లు కూడా లేవు వానికి,
దొంగిలించనీ.
ఇంకా శానామంది చేతులుండాయి లోకంలో.

"కాళ్లు బాగొచ్చినాయి" అన్యా.
"ముక్కు మటుకు
ఇంకెవరి కాడన్నా నేర్చుకోపో."